తెల్లవారుజామున ఫ్లైట్, తోడుగా అత్తగారు: బయలుదేరే రోజు ఎలా గడపాలి?

మీరు అడిగింది ఇదీ: మీ అత్తగారికి 69 ఏళ్లు, షుగర్, మోకాళ్ల నొప్పులు. ఆవిడా మీరూ కలిసి షికాగోలో మీ ఆడపడుచు దగ్గర అయిదు నెలలు ఉండటానికి వెళ్తున్నారు. టికెట్ అబుదాబి మీదుగా. శంషాబాద్ నుంచి ఫ్లైట్ తెల్లవారుజామున 4:10కి. ఇల్లు వనస్థలిపురం. ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం, మీవారు రావడం లేదు. సాగనంపడానికి పన్నెండు మంది వస్తామంటున్నారు. ఆ రోజంతా ఎలా ప్లాన్ చేసుకోవాలి, ఇంట్లోంచి ఎన్నింటికి కదలాలి?

ముందు సూటిగా జవాబు. ముందురోజు రాత్రి 11 గంటలకల్లా కారు మీ గేటు దాటాలి. పెట్టెలకు ఆ ఉదయం పదింటికే తాళాలు పడాలి. మధ్యాహ్నం ఇద్దరూ రెండు మూడు గంటలు పడుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, మీ అత్తగారి పాస్‌పోర్టు, బోర్డింగ్ పాసులు, మందులు, ఫోను, కాస్త డబ్బు ఆవిడ దగ్గరే ఉండాలి, మీ సంచిలో కాదు. మిగతావి కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. ఈ ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడకండి.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. చెల్లెలు అమెరికాలో ఉండటంతో మా అమ్మను వెంటబెట్టుకుని నాలుగుసార్లు వెళ్లొచ్చాను. అమ్మ పోయాక, "ఫలానా తేదీన మా అమ్మ వస్తోంది, హైదరాబాద్ నుంచి తోడు ఎవరైనా ఉన్నారా" అని వాట్సాప్ గ్రూపుల్లో అడిగేవాళ్ల తల్లులకు కూడా తోడు వెళ్లాను. కాబట్టి పెద్దావిడను పక్కన పెట్టుకుని బయలుదేరే రోజు ఎక్కడ బిగుసుకుంటుందో, ఎక్కడ జారిపోతుందో నాకు బాగా తెలుసు.

కాగితాలు ఎవరివి వాళ్ల దగ్గరే అని ఎందుకు అంత గట్టిగా అంటున్నానో చెప్తాను. అమ్మతో మొదటిసారి వెళ్లినప్పుడు రెండు పాస్‌పోర్టులూ, అన్ని బోర్డింగ్ పాసులూ నా హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకున్నాను. ఆవిడకు బరువెందుకు, పోగొట్టుకుంటుందేమో అని. అమ్మ చేతిలో ఒక శాలువా, జపమాల మాత్రమే ఉన్నాయి. ఫ్లైట్ మారే చోట వీల్‌చైర్ వాళ్లను అందరూ దిగాక చివర్లో దింపారు. అమ్మను ఒక బ్యాటరీ బండి ఎక్కించి, "ఇందులో చోటు లేదు, మీరు నడిచి రండి, గేటు దగ్గర ఉంటారు" అన్నారు. నేను గేటుకు వెళ్లేసరికి అమ్మ లేదు. ముప్పావుగంట వెతికాను. వీల్‌చైర్ ప్రయాణికులను కూర్చోబెట్టే గది ఒకటి వేరే ఉందట, అక్కడ దించారు. ఏ ఫ్లైట్ అని అడిగితే అమ్మకు తెలియదు, చూపించడానికి చేతిలో ముక్క కాగితం లేదు. "మా అమ్మాయి వస్తుంది" అని తెలుగులోనే చెబుతూ కూర్చుంది. నన్ను చూసి ఏడవలేదు. "ఏమైనా తిన్నావా?" అని అడిగింది. కానీ ఒళ్లో ఉన్న శాలువా కొసను ముడేసి విప్పి, ముడేసి విప్పి, ఆ అంచంతా తాడులా పేనుకుపోయింది. ఆ శాలువా ఇప్పటికీ నా దగ్గర ఉంది.

రెండోసారికి పాత నూలు చీర గుడ్డతో, పాస్‌పోర్టు పట్టేంత సంచి ఒకటి కుట్టి, మెడలో వేసుకునేలా తాడు పెట్టాను. మీరూ అలాంటిదే చేయండి. అందులో ఉండాల్సినవి: పాస్‌పోర్టు, రెండు బోర్డింగ్ పాసులు (అబుదాబి దాకా ఒకటి, అక్కడి నుంచి ఇంకొకటి), ఒకరోజుకు సరిపడా మాత్రలు, కొద్దిగా డాలర్లు, ఒక కాగితం. వీసా పాత పాస్‌పోర్టులో ఉంటే అది కూడా. కాగితం మీద పెద్ద అక్షరాలతో ఒకవైపు ఇంగ్లిష్‌లో, ఒకవైపు తెలుగులో రాయండి: ఆవిడ పేరు, తెలుగు మాత్రమే వచ్చు, షుగర్ ఉంది, కోడలితో కలిసి వెళ్తున్నారు, కోడలి పేరు, ఇద్దరి సీటు నంబర్లు, ఆడపడుచు ఫోన్ నంబరు, షికాగో ఇంటి అడ్రసు. తెలుగు వైపు ఎందుకంటే ఎయిర్‌పోర్టులో ఎవరో ఒక తెలుగువాళ్లు కనబడతారు, వాళ్లకు ఆవిడే చూపించి మాట్లాడగలరు. ఒక చిన్న మాట కూడా ముందే అనుకోండి: "విడిపోతే మీరు కదలొద్దు అత్తయ్యా, నేనే వచ్చి వెతుకుతాను." ఇద్దరూ వెతుక్కుంటూ తిరిగితే ఇద్దరూ తప్పిపోతారు.

ఆ సంచిని బయలుదేరే గంటలో ఇవ్వకండి. రెండు రోజుల ముందే ఇచ్చి, పాస్‌పోర్టు తీయడం, మళ్లీ లోపల పెట్టి జిప్ వేయడం ఆవిడ చేతనే నాలుగైదుసార్లు చేయించండి. "నాకెందుకమ్మా, నువ్వే పెట్టుకో" అంటారు. ఒప్పుకోకండి.

ఇక తేదీ. టికెట్ మీద 16వ తేదీ 4:10 అని ఉందనుకోండి, మీరు ఇంట్లోంచి కదలాల్సింది 15 రాత్రి. మన మాటల్లో తెల్లారేదాకా రాత్రే కదా, అక్కడే పొరపాటు జరుగుతుంది. మా బంధువుల్లో ఒక జంట "పదహారో తేదీ రాత్రి ఫ్లైటు" అని అందరికీ చెప్పుకున్నారు. పదహారు రాత్రి తీరిగ్గా భోంచేసి వెళ్తే, వాళ్ల ఫ్లైట్ ఆ రోజు తెల్లవారుజామునే వెళ్లిపోయింది. క్యాలెండర్‌లో 15 చుట్టూ గీత గీసి "రాత్రి 11, ఇంటి నుంచి" అని రాయండి. సాగనంపేవాళ్లకూ, కారు మాట్లాడేవాళ్లకూ కూడా 15 అనే చెప్పండి.

11 ఎందుకంటే వెనక నుంచి లెక్కేయండి. అంతర్జాతీయ ఫ్లైట్లకు కౌంటర్లు సాధారణంగా మూడు గంటల ముందు తెరుస్తారు, చాలా ఎయిర్‌లైన్స్ గంట ముందు మూసేస్తాయి. వీల్‌చైర్ ఉన్నవాళ్లు లైను మొదట్లో ఉండాలి, దాన్ని తోసే మనిషి దొరకడానికి కొంత టైం పడుతుంది. అంటే 12:30 ప్రాంతంలో అక్కడ ఉండాలి. వనస్థలిపురం నుంచి రాత్రిపూట గంటలోపే పట్టొచ్చు గానీ, ఒక టైరు పంక్చరయ్యే టైం చేతిలో ఉంచుకోవాలి.

దారి విషయం. విజయవాడ హైవే మీద పెద్ద అంబర్‌పేట దగ్గర గానీ, సాగర్ రోడ్డు మీద బొంగుళూరు దగ్గర గానీ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కండి. కిలోమీటర్లు ఎక్కువైనా శంషాబాద్ దాకా సిగ్నల్ ఉండదు. ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ దారి మామూలు రోజుల్లో బాగానే ఉంటుంది, ముహూర్తాల రోజుల్లో మాత్రం ఫంక్షన్ హాళ్లు, బరాత్‌లతో రాత్రి పదకొండుకూ ఆగిపోతుంది. ఇది చదివే మెహదీపట్నం వైపు వాళ్లకు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఉంది, 11.6 కిలోమీటర్లు నేరుగా ఆరాంఘర్ దగ్గర దిగుతుంది. మీ తేదీ గనక వినాయక నిమజ్జనం రోజున పడితే ఊళ్లోంచి వెళ్లే ఆలోచనే పెట్టుకోవద్దు. బాలాపూర్ గణేశుడి ఊరేగింపు మొదలయ్యేదే మీ వైపు నుంచి.

కారు గురించి ఒకటి. ఇద్దరికీ రెండేసి పెద్ద పెట్టెలంటే నాలుగు. సీఎన్‌జీ క్యాబ్ వస్తే డిక్కీలో సగం సిలిండరే ఉంటుంది, నాలుగు పెట్టెలు పట్టవు. రాత్రి పదకొండుకు వీధిలో నిలబడి ఇంకో బండి వెతకడం చాలా టెన్షన్. పెద్ద బండి ముందే మాట్లాడుకుని, డ్రైవర్‌కు "నాలుగు పెద్ద పెట్టెలు" అని నోటితో చెప్పండి.

ఉదయం పదింటికి పెట్టెలకు తాళం. ఇది చెప్పినంత తేలిక కాదు. ఎందుకంటే మధ్యాహ్నం నుంచి ఒక్కొక్కరూ ఒక్కో పొట్లం పట్టుకొస్తారు. "మా అక్కకు ఇష్టమని అరిసెలు", "పాప కోసం పట్టు లంగా". అమెరికా టికెట్లకు ఎక్కువగా ఒక్కో పెట్టె 23 కిలోలు, చేతి సామాను 7 కిలోలు ఉంటుంది. మీ టికెట్ మీద ఏముందో చూసుకోండి. వేలాడదీసి తూచే చిన్న కాటా కొనుక్కుని ప్రతి పెట్టెనూ 22 దగ్గర ఆపండి. ఆ తర్వాత తెచ్చినవి ఎంత ప్రేమగా ఇచ్చినా "వచ్చేసారి తీసుకెళ్తాం" అని ఇంట్లోనే ఉంచేయండి. ఆ మాట మీరంటే కోడలు కాదన్నదని నొచ్చుకుంటారు, అందుకని మీవారి చేత చెప్పించండి.

ఈ దారిలో పెట్టెల్లో పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి, చాలామందికి తెలియవు. గసగసాలు అసలు వద్దు. అబుదాబి ఉన్న దేశం యూఏఈలో అవి మత్తుపదార్థాల కింద లెక్క, ఫ్లైట్ మారడానికి దిగినవాళ్లు కూడా వీటివల్ల ఇబ్బందుల్లో పడ్డారు. ఇంట్లో పట్టించిన మసాలా పొడిలో గసగసాలు వేశారేమో అత్తగారిని అడగండి, వేసి ఉంటే ఆ డబ్బా ఇక్కడే వదిలేయండి. రెండోది ఎండు కొబ్బరి, మన కుడుకలు. నూనె ఎక్కువ ఉండి తేలిగ్గా అంటుకుంటాయని మన విమానాశ్రయాల్లో చెక్-ఇన్ పెట్టెల్లో వాటిని ఒప్పుకోరు, స్కానింగ్‌లో కనబడితే పెట్టె తెరిపిస్తారు. మూడోది పచ్చి కరివేపాకు. నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చే పురుగు దాని మీద వస్తుందని అమెరికాలో ఒప్పుకోరు. మాంసం పచ్చళ్లు కూడా అంతే. మామిడి ఆవకాయ, పొడులు, అప్పడాలకు సాధారణంగా ఇబ్బంది ఉండదు, కానీ తినే వస్తువులు ఉన్నాయా అని అడిగితే "ఉన్నాయి" అనే చెప్పాలి. ఉండి లేవంటేనే జరిమానా.

పచ్చడి చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టండి. మూత కింద ప్లాస్టిక్ కవరు ముక్క వేసి బిగించి, మూత చుట్టూ టేపు చుట్టి, రెండు జిప్ కవర్లలో వేసి, పాత తువ్వాలులో చుట్టి, పెట్టె మధ్యలో బట్టల నడుమ ఉంచండి. పవర్ బ్యాంకు చేతి సామానులోనే ఉండాలి. ఇన్సులిన్ తీసుకుంటుంటే అదీ చేతిలోనే ఉండాలి, డాక్టర్ చీటీతో సహా. చెక్-ఇన్ పెట్టెలో పెడితే కింద చలికి పాడయ్యే ప్రమాదం ఉంది. మాత్రలు విడివిడిగా డబ్బాల్లో పోయకండి, పేరు కనబడేలా స్ట్రిప్పులతోనే ఉంచండి. నొప్పుల మాత్రల్లో ట్రమడాల్, కోడీన్ లాంటివి ఉన్నాయేమో డాక్టర్‌ను అడగండి, యూఏఈలో వాటిమీద కట్టుబాట్లున్నాయి.

ప్రయాణం రోజు ఇన్సులిన్ ఎప్పుడెంత అనేది కూడా డాక్టరే చెప్పాలి. షికాగో మనకన్నా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక, అబుదాబి గంటన్నర వెనక. నేను అమ్మ చేతి గడియారాన్ని ఇల్లు చేరేదాకా హైదరాబాద్ టైములోనే ఉంచేదాన్ని. "ఇప్పుడు మనింట్లో రాత్రి తొమ్మిది" అని చూసి ఆవిడే మాత్ర అడిగేది.

ఫ్లైట్‌లో భోజనం ముందే చెప్పుకున్నారా? మీరు శాకాహారులైతే "హిందూ మీల్" అని పెట్టకండి, అందులో కోడి, మేక మాంసం రావచ్చు. "ఏషియన్ వెజిటేరియన్" అని ఉంటుంది, అది పెట్టాలి. షుగర్ ఉన్నవాళ్లకు విడిగా ఇంకొకటి ఉంటుంది. వీల్‌చైర్ కూడా ఎయిర్‌లైన్‌కు ముందే, కనీసం రెండు రోజుల ముందు చెప్పి, టికెట్‌లో ఎక్కిందో లేదో చూసుకోండి.

సాగనంపేవాళ్లు. టికెట్ లేనివాళ్లను టెర్మినల్ లోపలికి సీఐఎస్ఎఫ్ వాళ్లు వదలరు. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు శంషాబాద్‌కు మారకముందు బేగంపేట ఊరి మధ్యలో ఉండేది, ఇంటిల్లిపాదీ వెళ్లి చెయ్యూపి రావడం మన అలవాటు. ఇప్పుడు పన్నెండు మంది మూడు కార్లలో వచ్చినా గేటు బయట పది నిమిషాలు నిలబడటమే. పైగా ఆ పన్నెండు మంది ఇంట్లో ఉంటే మధ్యాహ్నం మీ అత్తగారు పడుకోరు. వచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చారా అని లేస్తూనే ఉంటారు. అందుకే అందరినీ సాయంత్రం అయిదింటికి రమ్మనండి, ఏడున్నరకు భోజనాలు పెట్టి, ఎనిమిదిన్నరకు ఇంటి దగ్గరే వీడ్కోలు తీసుకోండి. ఎయిర్‌పోర్టుకు మీవారు, ఇంకొకరు చాలు. జనవరి 26, ఆగస్టు 15 దగ్గర్లో అయితే భద్రత ఎక్కువ, ఇంకా తక్కువమంది వెళ్లడమే మంచిది.

మంచి టైం పట్టింపు ఉన్న ఇల్లైతే రాత్రి 11 దగ్గర వర్జ్యమో మరొకటో వచ్చిందని ఎవరో ఒకరు పంచాంగం తీస్తారు. అప్పుడు వాదన పెట్టుకోవద్దు. మన పెద్దలు ప్రస్థానం పెట్టే పద్ధతి ఎప్పుడో చెప్పారు. సాయంత్రం మంచి ఘడియలో ఒక పెట్టెను పక్కింట్లో పెట్టి రండి, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. మేం ప్రతిసారీ ఎదురింటి వాళ్ల హాల్లో పెట్టేవాళ్లం. అమ్మ మనసు కుదుటపడేది, నాకు టైం కలిసొచ్చేది. దేవుడికి దీపం కూడా సాయంత్రమే పెట్టేయండి, మీరు కదిలే వేళకు వెలుగుతూ ఉండకూడదు. చిలుకూరు మొక్కు గనక ఉంటే, వీసా వచ్చాక చేసే 108 ప్రదక్షిణలు వారం ముందే అయిపోవాలి. ఆ రోజే ఉదయం వెళ్లి తిరిగినవాళ్లను చూశాను, రాత్రికి కాళ్లు వాచిపోయి చెప్పులు పట్టలేదు. ముందే మోకాళ్ల నొప్పులున్న మనిషి, పైగా అబుదాబి నుంచి షికాగోకు పద్నాలుగు గంటలకు పైనే కూర్చోవాలి.

మధ్యాహ్నం పప్పన్నం, పెరుగన్నంతో సరిపెట్టి రెండు నుంచి అయిదు దాకా ఫోన్లు ఆపి పడుకోండి. నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకుని పడుకోండి, ఆ రాత్రి మీకిక నిద్ర లేదు. మీ సిమ్‌కు రోమింగ్ పెట్టించారా లేదా అని లేచాక ఒకసారి చూడండి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి.

ఎయిర్‌పోర్టులో దిగగానే మొదటి పని వీల్‌చైర్. లోపలికి వెళ్లాక ఎయిర్‌లైన్ వాళ్లకు చెప్పండి, మనిషిని పంపిస్తారు. వీల్‌చైర్ వెంట సాధారణంగా తోడున్నవాళ్లను కూడా అదే లైనులో రానిస్తారు, వెనకబడకుండా నడవండి. బోర్డింగ్ పాసులు ఇవ్వగానే ఆవిడవి ఆవిడ సంచిలో అక్కడికక్కడే పెట్టించండి. రెండు సీట్లూ పక్కపక్కన ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. నడవా వైపు సీటు ఆవిడకు ఇచ్చి, మీరు లోపల కూర్చోండి. షుగర్ ఉన్నవాళ్లు ఎక్కువసార్లు లేవాల్సి వస్తుంది, ఎవరినీ దాటి వెళ్లాల్సిన పని ఉండకూడదు. గంటన్నరకోసారి లేపి నడిపించండి, కాళ్లలో రక్తం గడ్డ కట్టకుండా ఉండాలంటే అది తప్పదు.

ఇమిగ్రేషన్‌లో మీ ఇద్దరిలో ఎవరికైనా ఫాస్ట్ ట్రాక్ రిజిస్ట్రేషన్ ఉంటే (ముందే నమోదు చేసుకున్నవాళ్లు ఆటోమేటిక్ గేటు నుంచి వెళ్లే ఏర్పాటు, 2025 జనవరి నుంచి హైదరాబాద్‌లోనూ ఉంది) ఆ రోజుకు దాన్ని వాడకండి. ఒకరు అటు, ఒకరు ఇటు వెళ్తే మళ్లీ విడిపోయినట్టే. నగలు కూడా తక్కువే పెట్టుకోండి. ఎక్కువ బంగారం తప్పనిసరి అయితే, వెళ్లేటప్పుడే కస్టమ్స్ దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి, లేకపోతే తిరిగొచ్చేటప్పుడు ఇవి ఇక్కడివేనని నిరూపించుకోవడం కష్టమవుతుంది.

అబుదాబి మీదుగా వెళ్లడంలో ఒక సౌకర్యం ఉంది. అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, 2014 నుంచి ఆ ఏర్పాటు ఉంది. షికాగోలో దిగాక మళ్లీ ఆ లైను ఉండదు, పెట్టెలు తీసుకుని బయటికి వచ్చేయడమే. కాకపోతే అబుదాబిలో ఇంకోసారి సెక్యూరిటీ, ఆ తర్వాత అమెరికా ఆఫీసర్ ప్రశ్నలు ఉంటాయి, వాటికి టైం పడుతుంది. దిగగానే షాపుల వైపు వెళ్లకుండా నేరుగా అటే వెళ్లండి. ఎందుకు వెళ్తున్నారు, ఎన్నాళ్లుంటారు, ఎక్కడుంటారు, ఇవే అడుగుతారు. "అమ్మాయి దగ్గరికి (మీరైతే ఆడపడుచు దగ్గరికి), అయిదు నెలలు, షికాగో" అని ఇద్దరూ ఒకే మాట చెప్పాలి. ఆవిడకు ఇంగ్లిష్ రాదని మీరే ముందు చెప్పి, పక్కన నిలబడొచ్చా అని అడగండి. నేను తోడు వెళ్లిన ప్రతిసారీ ఒప్పుకున్నారు.

మీవారికి ఒక మాట. మీరు ఇమిగ్రేషన్ దాటి ఫోన్ చేసేదాకా ఎయిర్‌పోర్టు నుంచి కదలొద్దని చెప్పండి. కౌంటర్ దగ్గర ఒక పెట్టె బరువెక్కువైందంటే తీసేసిన సామాను తీసుకెళ్లడానికి బయట మనవాళ్లు ఉండాలి. మా మూడో ప్రయాణంలో అలాగే జరిగింది. అమ్మ చివరి నిమిషంలో నాకు చెప్పకుండా పెట్టిన రెండు కిలోల కందిపొడిని గేటు దగ్గర మా తమ్ముడికి అందించాను. తెల్లారి ఇంటికెళ్లి దాన్ని డబ్బాలో పోసి, మేం తిరిగొచ్చేదాకా తాను తినకుండా దాచాడు.